తెలియదు వేరు, లేదు వేరు: ట్రీ వ్యూలో ప్లస్ గుర్తు గురించి

(డెస్క్‌టాప్ అప్లికేషన్లు రాయడం కొత్తగా మొదలుపెట్టిన ప్రోగ్రామర్ల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగం. తెర మీద చూపించిన కోడ్‌ను వదిలేసి, మాటలను మాత్రం అన్నవి అన్నట్టే రాసుకున్నాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళకి వినిపిస్తోందా? సరే, మొదలుపెడదాం.

ఇవాళ నేను ఒక చిన్న గుర్తు గురించి మాట్లాడతాను. ట్రీ వ్యూలో, అంటే పేర్లని చెట్టు కొమ్మల్లా ఒకదాని కింద ఒకటి చూపించే జాబితాలో, పేరుకి ఎడమ పక్కన ఉండే ప్లస్ గుర్తు. కొన్నిచోట్ల అది చిన్న బాణంలా ఉంటుంది. 1995లో విండోస్ 95తో ఎక్స్‌ప్లోరర్ వచ్చిన దగ్గర్నుంచీ కోట్ల మంది చేతికి అలవాటైపోయింది. దాన్ని నొక్కితే లోపలున్నవి కనిపిస్తాయని ఎవరూ ఎవరికీ నేర్పనక్కర్లేదు. ఆ నొక్కడానికీ, లోపలున్నవి కనపడడానికీ మధ్య మనం ఏం చేయాలన్నదే ఇవాళ్టి సంగతి.

నా అనుభవంతోనే మొదలుపెడతాను. చాలా ఏళ్ళ కిందట తెలంగాణలో భూమి రికార్డులు వెతుక్కోవడానికి ఒక డెస్క్‌టాప్ అప్లికేషన్ రాశాం. భాష సీ షార్ప్, తెరలు కట్టడానికి విన్‌ఫార్మ్స్. ఎడమవైపు ట్రీ. జిల్లా, దాని కింద మండలం, మండలం కింద గ్రామం, గ్రామం కింద సర్వే నంబర్లు, సర్వే నంబరు కింద బై నంబర్లు. కుడివైపు వివరాలు. పరీక్ష కోసం పెట్టుకున్న ఒక్క మండలం డేటాతో మా ఆఫీసులో చక్కగా నడిచింది. అసలు డేటా ఎక్కించాక కథ మారిపోయింది. లెక్క చూడండి. ఇప్పటి లెక్కలో సుమారు 600 మండలాలు, 10,000కు పైగా గ్రామాలు. గ్రామానికి 300 సర్వే నంబర్లే అనుకున్నా 30 లక్షల నోడ్లు (ట్రీలో ఒక్కో అంశాన్నీ నోడ్ అంటాం). అప్లికేషన్ తెరవగానే అవన్నీ తెచ్చి ట్రీలో నింపేలా రాశాం. పొద్దున పదిన్నరకి ఆపరేటర్ దాన్ని తెరిచి, టీ తాగి వచ్చి కూర్చునేవాడు. అప్పటికీ తెరుచుకునేది కాదు. ఒక్కోరోజు మెమరీ చాలక మొత్తం పడిపోయేది.

ఆ ఆపరేటర్‌కి రోజు మొత్తంలో కావలసినవి రెండు గ్రామాలు, మహా అయితే మూడు. ఆ మూడు గ్రామాల కోసం రాష్ట్రం మొత్తాన్నీ మోసుకొస్తున్నాం.

అడగనిదే అమ్మైనా పెట్టదంటారు కదా, ట్రీ వ్యూకి ఆ సామెత అక్షరాలా సరిపోతుంది. జిల్లాలు మాత్రం చూపించండి. జిల్లా పక్కన ప్లస్ నొక్కితే దాని మండలాలు తెండి. మండలం నొక్కితే గ్రామాలు. నొక్కనిది తేకండి. దీన్నే లేజీ లోడింగ్ అంటున్నాం. ఇంతవరకూ మీ అందరికీ తెలిసిందే, చేసే ఉంటారు. చేసినవాళ్ళలో చాలామంది ఎక్కడ తప్పు చేస్తారో, నేనెక్కడ చేశానో అది చెప్పాలని వచ్చాను.

ట్రీ గీసేటప్పుడు ప్రతి నోడ్‌నీ రెండు ప్రశ్నలు అడగాల్సి ఉంటుంది. 'నీకు పిల్లలున్నారా?', అంటే నీ కింద ఇంకా నోడ్లున్నాయా అనేది ఒకటి. 'ఉంటే ఎవరెవరు?' అనేది రెండోది. ప్లస్ గుర్తు గీయడానికి మొదటి ప్రశ్నకి జవాబు చాలు. రెండోదానికి జవాబు ప్లస్ నొక్కినప్పుడు కావాలి. ఈ రెండింటినీ ఒకే ప్రశ్నగా అడిగారంటే, పేరుకి లేజీ లోడింగ్ చేసినా పనికి మొత్తం లోడ్ చేస్తున్నట్టే.

పాత టూల్‌కిట్లు, అంటే తెర మీది భాగాలు తయారుగా ఇచ్చే లైబ్రరీలు, రాసినవాళ్ళు ఈ తేడా బాగా ఎరిగినవాళ్ళు. విండోస్ అసలు ట్రీ వ్యూ కంట్రోల్ చూడండి. ప్రతి ఐటెమ్‌కీ సీచిల్డ్రన్ అని ఒక ఫీల్డ్ ఉంటుంది. అందులో 1 అని పెడితే, కింద ఒక్క ఐటెమ్ కూడా చేర్చకపోయినా ప్లస్ కనిపిస్తుంది. ఆ సంగతి కూడా ఇప్పుడే చెప్పలేమంటే ఐ_చిల్డ్రన్‌కాల్‌బ్యాక్ అని పెడతాం; అవసరం పడ్డప్పుడు కంట్రోలే మనల్ని అడుగుతుంది. జావా స్వింగ్‌లో జేట్రీకి ఈజ్‌లీఫ్ వేరు, గెట్‌చైల్డ్‌కౌంట్ వేరు. మ్యాక్‌లో ఎన్‌ఎస్‌అవుట్‌లైన్‌వ్యూ కూడా 'ఇది విప్పదగిన ఐటెమేనా' అని ఒకసారి, 'పిల్లలు ఎంతమంది' అని ఇంకోసారి విడివిడిగా అడుగుతుంది.

క్యూట్ అనే ఇంకో టూల్‌కిట్‌లో దీని మీద ఒక పొరపాటు పదేపదే చూస్తుంటాను. క్యూఅబ్‌స్ట్రాక్ట్‌ఐటెమ్‌మోడల్‌లో క్యాన్‌ఫెచ్‌మోర్, ఫెచ్‌మోర్ అని రెండు ఫంక్షన్లున్నాయి. కుర్రవాళ్ళు ఆ రెండూ శ్రద్ధగా రాస్తారు. నడిపిస్తే ట్రీలో బాణం గుర్తే రాదు. గంటల తరబడి ఫెచ్‌మోర్‌లోనే తప్పు వెతుకుతారు. తప్పు అక్కడ లేదు. హ్యాజ్‌చిల్డ్రన్‌ని మనం రాయకపోతే, దాని మామూలు రూపం రోకౌంట్‌ని పిలిచి చూస్తుంది. ఇంకా ఏమీ తేలేదు కాబట్టి రోకౌంట్ సున్నా అంటుంది. సున్నా అంటే పిల్లలు లేరు, పిల్లలు లేకపోతే బాణం లేదు, బాణం లేకపోతే నొక్కేదెవరు, నొక్కకపోతే తెచ్చేదెవరు! 'ఇంకా తెలియదు' అన్న సంగతి 'లేదు'గా మారిపోయింది, అంతే. హ్యాజ్‌చిల్డ్రన్ అని మూడు లైన్లు రాస్తే సరిపోతుంది.

ఇక విన్‌ఫార్మ్స్. ఇక్కడ ట్రీనోడ్‌లో 'నాకు పిల్లలున్నారు, తర్వాత తెస్తాను' అని చెప్పుకునే ప్రాపర్టీ ఏదీ లేదు. పిల్ల ఉంటేనే ప్లస్. అందుకని లోకమంతా ఒక ఉపాయం పట్టింది. ప్రతి నోడ్ కిందా ఒక ఉత్తుత్తి నోడ్ పెట్టేస్తారు. దాన్నే డమ్మీ నోడ్ అంటాం. అది ఉంది కాబట్టి ప్లస్ వస్తుంది. ప్లస్ నొక్కగానే బిఫోర్‌ఎక్స్‌పాండ్ ఈవెంట్ వస్తుంది. అక్కడ డమ్మీని తీసేసి అసలు పిల్లల్ని పెడతాం. పని జరుగుతుంది, నేనేమీ వద్దనను. కానీ ఆ డమ్మీని దేనితో గుర్తుపడుతున్నారో చూసుకోండి. పేరు చూసి గుర్తుపట్టకండి. ట్యాగ్‌లో మన సొంత ఆబ్జెక్ట్ ఒకటి పెట్టి దాన్ని చూడండి. ఇంకొకటి, నోడ్స్ లెక్కపెట్టే చోట, ప్రింట్ తీసే చోట, అన్నీ ఎంచుకునే చోట ఆ డమ్మీ కూడా లెక్కలోకి వచ్చేస్తుంది. ఒక్క సర్వే నంబరూ తేని గ్రామానికి 'మొత్తం 1' అని రిపోర్టులో పడుతుంది.

అందుకే నేను చెప్పేది, నోడ్ పరిస్థితిని ట్రీ కంట్రోల్‌లో దాచకండి. మీ సొంత క్లాస్‌లో ఒక ఫీల్డ్ పెట్టుకోండి. అందులో నాలుగే విలువలు. తెలియదు. వస్తోంది. వచ్చింది. రాలేదు. ఈ నాలుగింటిలో చివరిది వదిలేసినందుకు ఏమైందో చెబుతాను.

వానాకాలం. ఒక మండల కేంద్రంలో నెట్‌వర్క్ లైన్ మాటిమాటికీ పోతోంది. మా కోడ్‌లో, ప్లస్ నొక్కగానే ముందు డమ్మీని తీసేసేవాళ్ళం, తర్వాత సర్వర్‌ని అడిగేవాళ్ళం. సర్వర్ అందకపోతే ఎక్సెప్షన్ వస్తుంది కదా, దాన్ని పట్టుకుని లాగ్ ఫైల్లో రాసి ముందుకెళ్ళేవాళ్ళం. అప్లికేషన్ పడిపోకూడదన్నదే మా ధ్యాస. ఇప్పుడు తెర మీద ఏం కనిపిస్తుంది? డమ్మీ పోయింది, పిల్లలు రాలేదు. ప్లస్ గుర్తు మాయమైంది. ఊరి పేరు ఒక్కటే మిగిలింది.

ఆ రోజు ఒక పెద్దాయన పాసు పుస్తకం ప్లాస్టిక్ కవర్లో చుట్టుకుని, వానలో బస్సు దిగి వచ్చాడు. ఆపరేటర్ ఆయన ఊరి ప్లస్ నొక్కాడు. గుర్తు పోయింది. ఇంకోసారి నొక్కడానికి గుర్తే లేదు. 'మీ ఊరి నంబర్లు ఇందులో లేవు పెద్దాయనా' అన్నాడు. ఆయన ఆ కవర్ మళ్ళీ చుట్టుకుని వెళ్ళిపోయాడు. మర్నాడు కొడుకుని వెంటబెట్టుకుని వచ్చాడు. తన భూమి రికార్డుల్లోంచి పోయిందేమోనని రాత్రంతా నిద్రపోలేదట. అప్పుడు లైను బాగానే ఉంది, నంబర్లన్నీ వచ్చాయి. వారం తర్వాత నేను ఆ ఆఫీసుకి వెళ్తే ఆపరేటర్ ఈ సంగతి చెప్పాడు. 'లేవు' అన్నమాట ఆపరేటర్ అన్నది కాదు. నా కోడ్ ఆయన చేత అనిపించింది. సర్వర్ చెప్పింది 'ఇప్పుడు చెప్పలేను' అని. దాన్ని నేను 'లేదు' అని అనువాదం చేశాను.

ఇప్పుడైతే, పిల్లలు రాకపోతే ఆ నోడ్ కింద ఒక లైను కనిపిస్తుంది: 'సర్వర్ అందలేదు, మళ్ళీ ప్రయత్నించడానికి ఇక్కడ నొక్కండి' అని. ప్లస్ గుర్తు అలాగే ఉంటుంది. నిజంగా ఖాళీ అయితే, సర్వర్ సున్నా వరుసలు అని స్పష్టంగా చెబితేనే ప్లస్ తీసేస్తాం.

మొదటి ప్రశ్న దగ్గరికి మళ్ళీ వస్తాను, ఎందుకంటే అది చూడడానికి చిన్నది గానీ ఖరీదైనది. 'పిల్లలున్నారా?' అని తెలుసుకోవడానికి మీరు ప్రతి గ్రామానికీ ఒక్కో క్వెరీ పంపారనుకోండి. మండలంలో 25 గ్రామాలు, సర్వర్‌కి వెళ్ళి రావడానికి 40 మిల్లీసెకన్లు అనుకుందాం. 25 సార్లు వెళ్ళొస్తే ఒక సెకను. ప్లస్ గుర్తులు గీయడానికే ఒక సెకను! పిల్లల్ని తెచ్చే క్వెరీలోనే, ప్రతి వరుసతోపాటు 'దీని కింద కనీసం ఒక్కటైనా ఉందా' అని ఎస్‌క్యూఎల్‌లోని ఎగ్జిస్ట్స్‌తో అడగండి. కౌంట్ వాడకండి. ఒకటి కనపడగానే ఎగ్జిస్ట్స్ ఆగిపోవచ్చు, కౌంట్ చివరిదాకా లెక్కపెట్టాల్సిందే. తల్లి ఐడీ ఉండే కాలమ్ మీద ఇండెక్స్ మరిచిపోకండి.

ఫైల్ సిస్టమ్‌లో ఇదే ప్రశ్నకి యూనిక్స్‌లో ఒక అందమైన జవాబుండేది. సంప్రదాయ యూనిక్స్ ఫైల్ సిస్టమ్‌లలో ఫోల్డర్‌కి ఉండే లింకుల సంఖ్య రెండు, దానికి తోడు ఎన్ని సబ్‌ఫోల్డర్లుంటే అన్ని. ఒకటి తన పేరుది, ఒకటి తననే సూచించే లోపలి చుక్కది, మిగిలినవి ఒక్కో సబ్‌ఫోల్డర్ లోపల పై ఫోల్డర్‌ని సూచించే రెండు చుక్కలవి. అంటే ఫోల్డర్ తెరవకుండానే, లింకులు రెండే ఉంటే లోపల సబ్‌ఫోల్డర్లు లేవని తెలిసిపోతుంది. నాకు చాలా ఇష్టమైన సంగతి ఇది. కానీ అన్ని ఫైల్ సిస్టమ్‌లూ దీన్ని పాటించవు. లినక్స్‌లో వాడే బీటీఆర్‌ఎఫ్‌ఎస్‌లో ఫోల్డర్‌కి లింకులు ఎప్పుడూ ఒకటే చూపిస్తుంది. ఒకటి అంటే 'చెప్పలేను' అని అర్థం చేసుకోవాలి. అక్కడా 'చెప్పలేను'ని 'లేవు' అనుకుంటే, ఫోల్డర్లు కళ్ళముందే దాగిపోతాయి.

చవగ్గా జవాబు దొరక్కపోతే ఏం చేయాలి? ప్లస్ పెట్టేయండి. నొక్కాక లోపల ఏమీ లేకపోతే ప్లస్ తీసేయండి. దానివల్ల నష్టం ఒక్క నొక్కు. అదే ప్లస్ లేకుండా వదిలేస్తే, లోపల ఉన్నదాన్ని చేరే దారే మూసేసినట్టు. రెండు తప్పులూ ఒకటి కావు. సందేహంలో ఉంటే ఎప్పుడూ ప్లస్ వైపే మొగ్గండి.

ఇప్పుడు థ్రెడ్ల సంగతి. తెరని నడిపించే యూఐ థ్రెడ్ మీద సర్వర్‌ని అడగకండి, ఇది మీ సీనియర్లు చెప్పే ఉంటారు. విండో 5 సెకన్లపాటు మెసేజ్‌లు తీసుకోకపోతే విండోస్ దాన్ని స్పందించని విండోగా లెక్కేస్తుంది. తెర పాలిపోయి, పైన 'నాట్ రెస్పాండింగ్' అని పడుతుంది. ఆపరేటర్ కంగారుపడి నాలుగుసార్లు నొక్కుతాడు. ఆ నొక్కులన్నీ క్యూలో ఉంటాయి. ప్రాణం రాగానే నోడ్ విప్పుకుని, మూసుకుని, మళ్ళీ విప్పుకుంటుంది.

అందుకని బ్యాక్‌గ్రౌండ్‌లో తెస్తారు. సీ షార్ప్‌లో అవెయిట్, స్వింగ్‌లో స్వింగ్‌వర్కర్. ఇక్కడ ఒక మెలిక ఉంది, దగ్గరగా చూద్దాం. బిఫోర్‌ఎక్స్‌పాండ్ హ్యాండ్లర్‌లో మీరు అవెయిట్ రాశారు. అవెయిట్ దగ్గరికి రాగానే హ్యాండ్లర్ వెనక్కి వెళ్ళిపోతుంది. కంట్రోల్‌కి మీ పని అయిపోయినట్టే. అది వెంటనే నోడ్‌ని విప్పేస్తుంది. లోపల ఏముంది? ఆ డమ్మీయే ఉంది. కాబట్టి ఆ డమ్మీ మీద రాసిన మాట జనం చదువుతారు. దాని మీద 'డమ్మీ' అని రాసి ఉంటే అదే కనిపిస్తుంది. 'వస్తోంది…' అని రాయండి. అసలు పిల్లలు వచ్చాక, బిగిన్‌అప్‌డేట్ పిలిచి, దాన్ని తీసేసి, అందర్నీ ఒకేసారి యాడ్‌రేంజ్‌తో చేర్చి, ఎండ్‌అప్‌డేట్ పిలవండి. ఒక్కొక్కటీ చేరిస్తే తెర రెపరెపలాడుతుంది.

జవాబు వచ్చేలోపు లోకం మారిపోయి ఉండొచ్చు. ఆపరేటర్ నోడ్ మూసేసి ఉండొచ్చు, ఎఫ్5 నొక్కి ఉండొచ్చు, ఆ నోడే ట్రీలో లేకపోవచ్చు. అందుకే పంపే ప్రతి రిక్వెస్ట్‌కీ ఒక టోకెన్ నంబరు ఇవ్వండి, నోడ్ మీద కూడా రాసుకోండి. జవాబు తెచ్చిన నంబరూ, నోడ్ మీది నంబరూ కలిస్తేనే లోపలికి రానివ్వండి. కలవకపోతే ఆ జవాబుని వదిలేయండి. నోడ్ 'వస్తోంది'లో ఉండగా రెండోసారి అడగకండి, లేకపోతే ప్రతి గ్రామమూ రెండేసిసార్లు కనిపిస్తుంది.

చాలామంది కలిపేసే ఇంకో రెండు విషయాలున్నాయి. డేటా ఎప్పుడు తేవాలన్నది లేజీ లోడింగ్. తెచ్చినవాటిలో ఎన్నిటికి తెర మీద వస్తువులు తయారుచేయాలన్నది వర్చువలైజేషన్. ఒకే నోడ్ కింద 20,000 పిల్లలున్నారనుకోండి, లేజీగా తెచ్చినా ఒకేసారి 20,000 వస్తాయి. మైక్రోసాఫ్ట్ ఇంకో టూల్‌కిట్ డబ్ల్యూపీఎఫ్‌లో ట్రీవ్యూకి వర్చువలైజేషన్ ఉంది, 2008లో డాట్‌నెట్ 3.5 ఎస్‌పీ1తో వచ్చింది, కానీ మనం ఆన్ చేస్తేనే పనిచేస్తుంది. క్యూట్‌లో వరుసలన్నీ ఒకే ఎత్తయితే యూనిఫామ్‌రోహైట్స్ పెట్టండి, తేడా మీకే తెలుస్తుంది. అయినా సరే, మనిషి 20,000 వరుసల్లో స్క్రోల్ చేసి వెతకలేడు. మేము సర్వే నంబర్లని 1–100, 101–200 అని మధ్యలో ఒక మెట్టు పెట్టి విడగొట్టాం.

వెతకడం సంగతి. 'సర్వే నంబరు 214కి తీసుకెళ్ళు' అంటే, దాని పైనున్న గ్రామం, మండలం ఇంకా ట్రీలోకే రాలేదు. కాబట్టి సర్వర్ నంబరుతోపాటు దాని వంశవృక్షాన్ని, జిల్లా నుంచి కింది దాకా ఐడీల వరుసని, ఇవ్వాలి. ఆ వరుస పట్టుకుని ఒక్కో మెట్టూ విప్పుకుంటూ, ప్రతిచోటా వచ్చేదాకా ఆగుతూ దిగాలి.

ఐడీలు అని ఎందుకు అంటున్నానంటే, 2016 అక్టోబర్ 11, దసరా. తెలంగాణలో 10 జిల్లాలు ఆ రోజు 31 అయ్యాయి. 2019లో 33 అయ్యాయి. నిన్నటిదాకా కరీంనగర్ కింద ఉన్న సిరిసిల్ల, తెల్లారేసరికి తనే ఒక జిల్లాకి కేంద్రం. మేము ఎవరెవరు ఏ నోడ్లు తెరిచి పెట్టుకున్నారో పేర్ల దారిగా దాచుకున్నాం, 'కరీంనగర్, సిరిసిల్ల' అని. పొద్దున ఆ దారులేవీ పనిచేయలేదు. సిరిసిల్ల ఐడీ మాత్రం మారలేదు, తల్లే మారింది. ట్రీ మొత్తాన్ని లోకల్ ఫైల్లో దాచుకున్న మెషీన్లలో పాత జిల్లాలే కనిపించాయి. నొక్కినప్పుడల్లా అడిగి తెచ్చిన మెషీన్లలో కొత్తవి వాటంతటవే వచ్చాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2022 ఏప్రిల్‌లో 13 జిల్లాలు 26 అయినప్పుడు అక్కడ ఇలాంటి పని చేసే మిత్రులకి ముందే ఫోన్ చేసి చెప్పాను.

టిక్ బాక్సులున్న ట్రీ అయితే ఒక్క మాట. మండలానికి టిక్ పెట్టారు, దాని గ్రామాలు ఇంకా తేలేదు. 'ఈ మండలం మొత్తం' అని నియమంగా దాచుకోండి, పిల్లల జాబితాగా కాదు. జాబితాగా దాచుకుంటే తేని గ్రామాలన్నీ జారిపోతాయి.

ఇంకొకటి, కీబోర్డులో కుడివైపు అంకెల దగ్గర స్టార్ కీ ఉంటుంది. విండోస్ ట్రీ వ్యూలో అది నొక్కితే ఎంచుకున్న నోడ్ కింద ఉన్నవన్నీ విప్పుకుంటాయి. లేజీ ట్రీలో అది సర్వర్ మీదకి ఒక్కసారిగా వందల రిక్వెస్ట్‌లు పంపగలదు. దానికొక హద్దు పెట్టుకోండి.

ప్రశ్నలుంటే అడగండి. … అవునమ్మా, చెప్పు.

మంచి ప్రశ్న. నోడ్ మూసేసినప్పుడు తెచ్చిన పిల్లల్ని పారేయాలా, ఉంచుకోవాలా అని అడుగుతోంది. విండోస్ కంట్రోల్‌లో టీవీఈ_కొలాప్స్‌రీసెట్ అని ఒకటి ఉంది, మూస్తూనే పిల్లల్ని తీసేస్తుంది, ఇంకోసారి విప్పితే మళ్ళీ తేవాలి. నేను వాడేది తక్కువ. జనం ఒక నోడ్‌ని మూసేది దానితో పని అయిపోయి కాదు, కింద ఉన్నది తెర మీదకి రావాలని. మళ్ళీ వెంటనే విప్పుతారు. అందుకని ఉంచుకుంటాను, తెచ్చిన సమయం కూడా రాసుకుంటాను. మరీ పాతబడితే విప్పినప్పుడు ఉన్నది చూపిస్తూ వెనక తాజాది తెస్తాను. తాజాది వచ్చాక మొత్తం తుడిచి మళ్ళీ నింపను. ఐడీలు పోల్చి కొత్తవి చేర్చి, పోయినవి తీస్తాను. లేకపోతే వాళ్ళు ఎంచుకున్న వరుస పోతుంది.

ఇంకెవరు? … ఆ, అడగకముందే తెచ్చి పెట్టుకోవచ్చా అని. తప్పకుండా. అడగకముందే ఆకలి కనిపెట్టే అమ్మలూ ఉన్నారు. 33 జిల్లాలు, సుమారు 600 మండలాలు కలిపి ఎంత డేటా? చాలా చిన్నది. మొదట్లోనే అంతా తెచ్చేయండి, ఆ రెండు మెట్లూ నొక్కగానే విప్పుకుంటాయి. గ్రామాల దగ్గర్నుంచి లేజీ చేయండి. మండలం మీద ఎంపిక వచ్చి ఆగిందంటే, ప్లస్ నొక్కకముందే వెనక నుంచి గ్రామాలు తెస్తూ ఉండొచ్చు. వద్దనుకుంటే ఆపేసే ఏర్పాటు మాత్రం ఉండాలి.

ఎలా టెస్ట్ చేయాలి అని ఆ చివర్నుంచి అడుగుతున్నారు. మన ఆఫీసులో సర్వర్ పక్క గదిలోనే ఉంటుంది, అందుకే ఏ తప్పూ కనపడదు. సర్వీస్ పిలుపులో కావాలని 3 సెకన్ల ఆలస్యం పెట్టండి. ఆ మూడు సెకన్లలో నోడ్ మూయండి, ఎఫ్5 కొట్టండి, ఇంకో నోడ్ విప్పండి, విండోనే మూసేయండి. తర్వాత ప్లస్ నొక్కి, 'వస్తోంది' అని ఉండగానే నెట్‌వర్క్ కేబుల్ పీకేయండి. తెర మీద ఏ మాట కనిపిస్తుందో చదవండి.

పక్క ల్యాబ్‌లో మెషీన్లు సిద్ధంగా ఉన్నాయి, నేను మొదట రాసిన ఆ పాత కోడే వాటిలో పెట్టించాను. ఇద్దరిద్దరు కూర్చోండి. కేబుళ్ళు వెనకవైపు ఉంటాయి. రండి.